దోసెడు పురుగులు

ఆ రోజుల్లో సరదా అంటే ఆదివారం మ్యాట్నీ, వస్తూ వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర ఐస్‌క్రీము. అంతకు మించి కోరుకోవడం మా ఇంటా వంటా లేదు. అలాంటిది తొంభైల్లో మా వీధికి కేబుల్ టీవీ వచ్చి మా బాబాయి బుర్ర పాడుచేసింది. అందులో దొరలు పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని కొండల్లో డేరా వేసి, చేపలు పట్టి కాల్చుకు తింటుంటే చూసి, మనమూ వెళ్ళాల్సిందేనని పట్టుబట్టాడు. ఆటోనగర్లో నాన్నకి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది కాబట్టి డేరాకి లోటేమిటి? లారీ పట్టా ఉండనే ఉంది. (గ్రీజు కంపు కొట్టేది. దాని కింద పడుకుంటే సరుకనుకుని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని అమ్మ బెంగ.)

అలా ఒక డిసెంబరు శనివారం జీపులో ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి కొండల్లోకి వెళ్ళాం. నాన్న, అమ్మ, బాబాయి, పదేళ్ళ నేను, రెండేళ్ళ తమ్ముడు, పామర్రు నుంచి వచ్చిన మా మేనత్త. అత్తయ్యకి పిల్లల్లేరు, మమ్మల్నే తన పిల్లలనేది. వరిపొలాల మధ్య పెరిగిన మనిషి. జీపు దిగుతూనే నాకు జాగ్రత్తలు చెప్పింది: పొద్దుగూకాక పాము అన్న మాట ఎత్తకూడదు, ఎత్తితే పిలిచినట్టే, పురుగు అనాలి. నేను బుద్ధిమంతురాల్ని. (నా జీవితంలో జరిగిన అనర్థాలన్నీ ఆ బుద్ధి వల్లే జరిగాయి.)

తమ్ముణ్ణి డేరాలో పడుకోబెట్టి, అత్తయ్యని కాపలా పెట్టి, మిగతా వాళ్ళం గాలాలతో చెరువుగట్టు మీదికి చేరాం. ఎండ తొందరగా కొండ వెనక్కి పోయింది. నీళ్ళ మీద మంచు లేచి నేలబారున మా వైపే రావడం మొదలెట్టింది. థర్మల్ స్టేషన్ ఎక్కడో అవతల ఉంది, దాని హోరు మాత్రం కాళ్ళ కిందనుంచి వస్తున్నట్టుండేది. పిట్ట కూడా కూయలేదు. అప్పుడు బాబాయికి ఎర డబ్బా మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి నన్ను తెమ్మన్నాడు. పది అడుగులు వేసి వెనక్కి చూస్తే మనుషులు లేరు, మాటలే ఉన్నాయి. ఇంకాస్త నడిచేసరికి మాటలూ లేవు.

డబ్బా డేరాలో ఉంది. లోపలి వానపాములకి గాలాడాలని మూత తీసిపెట్టిన దయామయిని నేనే. ఇప్పుడది ఒరిగి, ఖాళీగా ఉంది. ఆ మసక చీకట్లో తమ్ముడి దుప్పటి అంచున ఏదో సన్నగా, తడిగా పాకుతోంది. బయటికొచ్చి, పొయ్యి రాజేస్తున్న అత్తయ్యకి చెప్పబోయి నాలిక కరుచుకున్నాను. వానపాములో పాము ఉంది కదా. అందుకని పాము తీసేసి పురుగు పెట్టాను. (వాన ఏమైందంటారా? కంగారులో మింగేశాను.)

"అత్తయ్యా, డేరాలో పురుగులున్నాయి."

ఆవిడ చేతిలో పుల్ల అలాగే ఆగిపోయింది. "ఎన్నే?"

"దోసెడు."

"పిల్లలా, పెద్దవా?"

"అన్నీ కలిసున్నాయి. తమ్ముడి పక్క కిందికి కూడా పోయాయి."

అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. నేను నాన్నని కేకెయ్యబోతే నా నోరు మూసింది. చప్పుడైతే వాడు కదుల్తాడు, వాడు కదిలితే అవి కదుల్తాయి అంది గుసగుసగా. చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"నేను బయటికి రాకపోతే మీ నాన్న దగ్గరికి పరుగెత్తు. నువ్వు మాత్రం లోపలికి రాకమ్మా."

పట్టా ఎత్తి లోపలికెళ్ళింది. ఇక ఏమీ వినబడలేదు. మంచు నా మోకాళ్ళ దాకా వచ్చేసింది. వానపాములకి ఇంత భయమెందుకో నాకు అర్థం కాలేదు, అర్థం కాకపోయేసరికి ఇంకా వణుకు పుట్టింది. పొద్దున మా పెరట్లో తవ్వినప్పుడు అవి ఉత్త వానపాములే. కొండల్లో చీకటి పడ్డాక వాటికేదో అవుతుందేమో, అది అత్తయ్యకి తెలుసేమో అనిపించింది.

ఎంతసేపటికో లోపల్నుంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. ఏడుపో నవ్వో తెలియలేదు. పట్టా తొలిగింది. అత్తయ్య భుజం మీద తమ్ముడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఆవిడ గాజుల మధ్య ఒక వానపాము చుట్టుకుని మెలికలు తిరుగుతోంది.

"ఇవి ఎర్రలు కదే. ఎర్రలని ఏడవచ్చుగా."

నాకు తెలిసిన పేరులో ఆ మాట ఉంది, అది అనొద్దన్నది నువ్వే కదా అన్నాను. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, మా ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఎర లేక చేపలూ పడలేదు, డేరాలో పడుకోవడానికి అమ్మా ఒప్పుకోలేదు. తెచ్చుకున్న పులిహోర తిని ఇంటికొచ్చేశాం. ఆ తర్వాత మా ఇళ్ళల్లో ఏ శుభకార్యమైనా బాబాయి ఈ కథ ఎత్తుకునేవాడు. వానపాముల్ని చూసి ఏడ్చిన మనిషిగా అత్తయ్య స్థిరపడిపోయింది, అందరితో పాటు తనూ నవ్వేది. తమ్ముడి పెళ్ళిలో పక్కన కూర్చుని అడిగాను: లోపల అన్ని పాములున్నాయనుకుని కూడా చెప్పులెందుకు విడిచావని.

"టపటపలాడితే వాడు లేస్తాడు కదమ్మా" అంది, ఆకులో వక్క చుట్టుకుంటూ. తన కాళ్ళ సంగతి ఆవిడకి తట్టనేలేదు.

ఇప్పుడు నేను ఆవిడ అప్పటి వయసు దాటేశాను. మొన్న ముసురుకి మా బాత్రూములో ఒకే ఒక్క ఎర్ర కనబడితే స్టూలెక్కి మా ఆయన్ని కేకేశాను. ఆయన దాన్ని చీపురుతో తీసేసి నవ్వుతూ వెళ్ళిపోయారు. నాకూ నవ్వొచ్చింది గానీ, అత్తయ్య గుర్తొచ్చి కాసేపు ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను.