బొట్టు మీద పడిన లేజర్

2023లో, దసరా సెలవులయ్యాక మొదటి వారం. కాకినాడలో మాది సైన్స్ పరికరాల కొట్టు. మరమ్మతులు నేనే చేస్తాను. భీమవరం నుంచి ఒక స్కూలు కరస్పాండెంట్ గారు ఫోన్ చేశారు.

"మా ఫిజిక్స్ టీచరు టెలిస్కోప్ పాడు చేసేసిందండి. మంచి లేజర్ పట్టుకురండి. ఇక దానిమీద ఆవిడ చెయ్యి పడనివ్వను."

వెళ్లాను. టెలిస్కోప్ ఆయన గదిలో, గది తాళం ఆయన జేబులో. పద్మావతి టీచరు నిలబడే ఉన్నారు, కూర్చోమన్నవాళ్లు లేరు. పిల్లలకి శనిగ్రహం చూపిస్తానన్న కార్యక్రమం కూడా రద్దు చేశారట.

ఇందులో రెండు అద్దాలుంటాయి. అవి సూటిగా కుదరకపోతే ఆకాశంలో చుక్కకి తోక మొలుస్తుంది. కుదర్చడాన్ని కొలిమేషన్ అంటారు. పెద్దద్దం నట్టనడుమ కంపెనీవాళ్లు అంటించిన నల్ల రింగు మీద లేజర్ చుక్క పడేలా అద్దాల మరలు తిప్పడం ఒక పద్ధతి. రెండోది చెషైర్, అంటే చివర రెండు తీగలు అడ్డంగా, నిలువుగా ఉన్న గొట్టం. దాంట్లోంచి కంటితో చూసి కుదర్చాలి.

"లేజర్ మధ్యలోనే పడుతోందండి, అయినా తోకలొస్తున్నాయి," అన్నారు టీచరు.

చెషైర్ పెట్టి చూశాను. తీగలు కలిసేచోట ఎర్రమచ్చ! అద్దం అంచు మాత్రం ఒక పక్కకి జరిగి ఉంది. అద్దం ఊడదీస్తే, మధ్యకి వేలెడు దూరంలో కుంకుమబొట్టు.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఆయుధపూజకి నేనే పెట్టానండి. అద్దం తీయించి, మధ్యలో నల్లమరకేదో ఉంటే గీకించేశాను కూడా," అన్నారు కరస్పాండెంట్ గారు గర్వంగా.

"అయ్యో! రింగు మీదే బొట్టు పెట్టారనుకున్నానండి," అన్నారు టీచరు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పూజ చేస్తే తప్పేముంది? మా కొట్లో మైక్రోస్కోపులకీ బొట్లు పెడతాం, కానీ లెన్సు మీద కాదు. గుర్తు గీకేసింది ఈయన, నింద మోసేది ఆవిడా!

దూదితో బొట్టు తుడిచి, కొలిచి, ఫైళ్లకి వాడే కాగితపు రింగు మధ్యలో అంటించి, అద్దం మళ్లీ బిగించి, చెషైర్‌తో కుదిర్చాను. దూరంగా ఐస్ ఫ్యాక్టరీ బోర్డు, తలకిందులుగానైనా, ప్రతి అక్షరం స్పష్టంగా కనబడింది.

"పోన్లెండి, సరైపోయిందిగా. ఆవిణ్ణి ఇకనైనా జాగ్రత్తగా ఉండమనండి," అన్నారు కరస్పాండెంట్ గారు.

"జాగ్రత్తగా ఉండాల్సింది ఎవరండీ? గీకించిందెవరు? బొట్టు పెట్టిందెవరు? తాళం ఆవిడకిచ్చేదాకా నేనిక్కణ్ణుంచి కదలను!"

ఆయన గోడవైపు చూస్తూ తాళం బల్లమీద పెట్టారు. టీచరు తీసుకున్నారు. అప్పటికీ ఆయన కూర్చోమనలేదు. లేచి నా కుర్చీ నేనే ఆవిడవైపు జరిపాను.

లేజరా, చెషైరా అని ఎవరడిగినా ఇప్పుడు ఒకటే చెబుతాను. మీరు మధ్య అని ఏది చూపిస్తే లేజర్‌కి అదే మధ్య. చెషైర్ అయితే అంచుతో సహా చూపిస్తుంది. ఏది కొన్నా, ముందు అద్దం ఎవరు ముట్టుకున్నారో కనుక్కోండి. ఎవర్ని తిట్టాలో తర్వాత చూసుకోవచ్చు.