బావి నీళ్ళలో నానిన సంచులు

ఇప్పటికీ ఉల్లిగడ్డ కోసేటప్పుడు పొరల మధ్య ఉండే పల్చటి తడి పొర వేలికి అంటుకుంటే నా చెయ్యి కాసేపు ఆగిపోతుంది. అచ్చం అలాంటి జారుడు పొరతోనే పందొమ్మిది వందల అరవైల్లో నల్లగొండలో నా ఉద్యోగం మొదలైంది. కిరాయి ఇంట్లో నడిచే చిన్న సర్కారు ప్రయోగశాల అది. సరోజిని మేడం దానికి పెద్ద, నేను ఆమెకు సహాయకుణ్ణి. మర్రిగూడ వైపు బావుల్లో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు తాగినవాళ్ళ కీళ్ళు బిగుసుకుపోయేవి. జనం రక్తంలో అది ఎంత చేరిందో తేల్చి పై అధికారులకు రాస్తే ఊరికి మంచినీళ్ళు వస్తాయని మేడం ఆశ.

రక్తం మీద తేరిన నీటిని సెల్లోఫేన్ గొట్టంలో పోసి, రెండు చివరలా దారంతో ముడివేసి, శుద్ధిచేసిన నీళ్ళున్న గాజు జాడీలో వేలాడదీసేవాళ్ళం. మాంసకృత్తులు ఆ సంచిలోనే ఉండిపోతాయి, ఫ్లోరైడు పొర దాటి బయటికి వస్తుంది. వినడానికి తేలికే. నిండుగా పోస్తే సంచి ఉబ్బి పగిలేది, గోరు తగిలితే కారేది. "ఆ గోళ్ళేంది యాదగిరీ, పులివా? పోయి తీసుకోని రా, గప్పుడు ముట్టుకో" అని మేడం నన్ను ఎన్నిసార్లు వెనక్కి పంపారో.

మొదటి విడత ఫలితాలన్నీ ఎక్కువగానే వచ్చాయి. నేను సంబరపడ్డాను, మేడం పడలేదు. ఒక సంచిలో రక్తమేమీ లేకుండా ఉత్త శుద్ధజలం పోసి కట్టమన్నారు. అదీ ఎక్కువే చూపింది. "ఖాళీ సంచికి గూడ రోగమొచ్చిందే" అని నవ్వబోయి ఆగిపోయారు. ముడులు చూశాం, జాడీలు మార్చాం, నీటిని శుద్ధిచేసే యంత్రాన్ని విప్పి కడిగాం. ఏదీ పనిచేయనప్పుడల్లా మేడం నాకు ఛాయ్ తాగించి మళ్ళీ మొదలుపెట్టించేవారు. చివరికి ఆమె చూపు మూలనున్న గంగాళం మీద పడింది. గొట్టం ఎండితే పగులుతుందని దాన్ని పెరటి బావి నీళ్ళలో నానబెట్టి ఉంచేవాళ్ళం. హైదరాబాదులో ఆమె నేర్చుకున్న పద్ధతే అది. అక్కడి నీళ్ళతో ఇబ్బంది రాలేదు. ఇక్కడ మేం వెతుకుతున్నదే ఆ నీళ్ళలో ఉంది.

"ఎక్కువ చూపెడితే ఊరికి మంచిదే గద మేడం, పంపుదాం" అన్నాను.

"రేపు ఎవడన్న తప్పని తేల్చిండనుకో, ఇగ ఆ ఊరోళ్ళ నిజం గూడ ఎవ్వడు నమ్మడు."

మళ్ళీ రక్తం కావాలి. మొదటిసారి ఇవ్వడానికే జనం జంకారు. ఊళ్ళో అరుగు ముందు నిలబడి మేడం చుట్టూ తిప్పకుండా చెప్పారు: "సంచులు బావి నీళ్ళల్ల నానబెట్టినం. తప్పు నాదే. మీ రక్తం వట్టిగ పాయె."

గోడకు ఆనుకొని కూర్చున్న లచ్చవ్వ అనే ముసలావిడ మేడం ముఖంలోకి చూసింది.

"సర్కారోళ్ళు తప్పు మాది అనంగ గిప్పుడే వింటున్న బిడ్డా. గీసారి జర మంచిగ చెయ్యి" అని చెయ్యి చాపింది. ఆ మోచెయ్యి పూర్తిగా సాగదు. మేడం నేలమీద కూర్చొని దాన్ని తన ఒళ్ళో పెట్టుకొని నరం వెతికారు. లచ్చవ్వ వెనక మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు.

ఈసారి అంకెలు తగ్గాయి, అయినా ఉండవలసిన దానికన్నా ఎక్కువే. వాటిని ఎవరూ కాదనలేకపోయారు. నీళ్ళు మాత్రం ఎన్నో ఏళ్ళకు గాని రాలేదు, అప్పటికి లచ్చవ్వ లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఈనాటికీ కోపమే.

మేడం కూడా ఇప్పుడు లేరు. తరువాత నేనూ ఒక ప్రయోగశాలకు పెద్దనయ్యాను, తప్పులూ చేశాను. ప్రతిసారీ గుట్టుగా సర్దేద్దామనే మనసు లాగేది, ప్రతిసారీ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి చెప్పేవాణ్ణి. కొన్నిచోట్ల గట్టిగానే తిట్లు తిన్నాను. తిట్టించుకొని బయటికి వచ్చినప్పుడు మాత్రం, "పా యాదగిరీ, ఛాయ్ తాగి మల్ల మొదలువెడ్దం" అనే మనిషి కోసం పక్కకు చూసేవాణ్ణి.