బాబాయి ఎందుకు రాయలేదంటే

మా టీంలో బాబాయి అందరికీ బాబాయే. ఆయనకి లీడునైన నాకు కూడా. ఆసుపత్రి ల్యాబు రిపోర్టుల ప్రోగ్రాం ఆయన చేతుల మీదుగా పుట్టింది. ఇరవై రెండేళ్లుగా దానికి దగ్గొచ్చినా జలుబొచ్చినా ఆయనే చూసుకున్నాడు. మనిషి బంగారం. ఆయన కోడ్ చూస్తే మాత్రం తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఏ లైను ఎందుకుందో పక్కన ఒక్క ముక్క రాయడు. అడిగితే సూటిగా చెప్పడు, కథ మొదలుపెడతాడు. "అదా? అప్పట్లో ల్యాబులో ఒకావిడ ఉండేదమ్మా, మహా కోపిష్టిది..." అంటూ కుర్చీ మనవైపు తిప్పేవాడు. ఇక అరగంట గోవిందా.

నాకు ఓపిక తక్కువ. లీడుగా వచ్చిన రెండో నెలలోనే పాత కోడ్‌ని కడిగి పారేద్దామని నడుం కట్టాను. ఒక బుధవారం పన్నెండు లైన్లు కంటబడ్డాయి. ఒకే మనిషి పొరపాటున రెండుసార్లు నమోదైతే, పేరూ పుట్టిన తేదీ చూసి ఆ రెండింటినీ ఒకటిగా కలిపే చోటది. ఈ పన్నెండు లైన్లు పుట్టిన నిమిషం కూడా చూస్తున్నాయి. తేదీ చాలదా, నిమిషం దేనికట? నవ్వొచ్చింది. బాబాయి రెండు బల్లల అవతలే ఉన్నాడు. అయినా అడగలేదు. తీసేశాను. మా తనిఖీలన్నీ శుభ్రంగా పాసయ్యాయి. ఇల్లు సర్దినట్టుందని టీం ముందు గొప్పలు కూడా పోయాను.

శుక్రవారం పొద్దున్నే ప్రసూతి వార్డు హెడ్ నర్సు ఫోన్ చేసింది.

"కవల ఆడపిల్లలండీ. ఇంకా పేర్లు పెట్టలేదు, ఇద్దర్నీ తల్లి పేరు మీదే రాశాం. ఇద్దరికీ కామెర్ల పరీక్ష పంపితే ఒక్క రిపోర్టే కనబడుతోంది. అందులో అంతా బాగానే ఉంది. ఇంటికి పంపేద్దామనుకుంటున్నాం, ఇద్దరికీ అదేనా?"

గబగబా నమోదు వివరాలు తెరిచాను. ఒకే పేరు, ఒకే తేదీ. ఆ ఇద్దరికీ మధ్య ఉన్నది పదకొండు నిమిషాల తేడా. దాన్ని నేనే తుడిచేశాను. ఆ రిపోర్టు ఎవరిదో, రెండోది ఏమైందో నాకూ తెలీదు. బాబాయి నా మొహం చూసి లేచొచ్చి ఫోన్ అందుకున్నాడు.

"సిస్టర్, నేనే. పిల్లలిద్దర్నీ ఎక్కడికీ పంపకండి. ల్యాబులో మిషను అచ్చేసిన కాగితాలుంటాయి. శాంపిలు నంబర్లతో చూడమనండి. మేం లైన్లోనే ఉంటాం."

ఆరు నిమిషాలు ఆగాం. రెండో పాపకి కామెర్లు బాగా ముదిరాయి. అవి తగ్గడానికి వెంటనే లైటు కింద పడుకోబెట్టాలన్నారు. అప్పటికే ఆ తల్లి సంచీ సర్దుకుని కూర్చుందట. 

ఆ పన్నెండు లైన్లూ బాబాయే తిరిగి పెట్టాడు. పిల్ల గండం గడిచిందని సాయంత్రానికి కబురొచ్చాక ఆయన బల్ల దగ్గరికెళ్లి నిలబడ్డాను.

"ఒక్క మాట తిట్టండి బాబాయ్. నాకు కాస్త తేలికవుతుంది."

"తిట్టడానికి నాకు మొహమెక్కడిదమ్మా? ఇది రెండోసారి. మొదటిసారి చేసింది నేనే."

ఆయన కుర్చీ తిప్పలేదు. తెర వైపే చూస్తూ చెప్పాడు.

"అప్పుడు మగపిల్లలు. ఇలాగే కలిసిపోయారు. బాగున్నవాడికి రక్తపరీక్షలంటూ మూడ్రోజులు ఊరికే మడమల్లో సూదులు పొడిచారు. చూద్దామని వార్డుకెళ్లాను. నేనెవరో వాళ్లమ్మకి తెలీదు. ఒకణ్ణి పడుకోబెడుతూ, 'వీణ్ణి కాస్త పట్టుకోండన్నా' అని నా చేతుల్లో పెట్టింది. మడమలనిండా గాట్లే. తిరిగొచ్చి ఈ లైన్లు రాశాను. ఎందుకు రాశానో కూడా పైన రాయబోయాను. సిగ్గేసింది, చెయ్యి రాలేదు. ఇదొక్కటే ఖాళీగా ఉంటే ఎవరైనా అడుగుతారని, ఇక దేనికీ రాయడం మానేశాను. నువ్వు అడిగినా ఇంకేదో కథ చెప్పి తప్పించుకునేవాణ్ణమ్మా."

ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. ఇరవై రెండేళ్లు అందరికీ అన్ని కథలూ చెబుతూ, ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పలేకపోయిన మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కానీ దాన్ని అలా వదిలేస్తే, రేపు నాలాంటి తొందర మనిషి ఇంకొకరు రారా? ఆయన పక్కన కుర్చీ లాక్కుని ఆ లైన్ల పైన టైపు చేశాను. కవలల కోసమే ఈ నిమిషం లెక్క, దీన్ని తీయొద్దు అని రాశాను. ఇవెందుకున్నాయో ఎవర్నీ అడక్కుండా ఒకసారి తీసేసింది నేనే అని కూడా రాసి, కింద నా పేరు పెట్టాను. సోమవారం ఆఫీసు పెద్దలంతా ఇది చదువుతారు. నన్ను లీడుగా ఉంచుతారో లేదో వాళ్లిష్టం.

బాబాయి కళ్లజోడు పైకి తోసుకుని నెమ్మదిగా చదివాడు.  తర్వాత వేలితో నా పేరు పైనున్న ఖాళీ చూపించాడు.

"ముందు నాది రాయమ్మా. మూడ్రోజుల సూదుల సంగతి కూడా రాయి. నేను చెబుతుంటాను."