అంకుల్ చూపించిన ఈశాన్యం

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం ఆఫీసు మీటింగులో ఉండగా పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు. "అమ్మాయ్, అంకుల్ లేరమ్మా" అన్నారు. నేను లేచి బయటికొచ్చాను. ఆవిడే మళ్లీ, "హాస్పిటల్లోనే ఉన్నా. కారు తాళాలు ఆయన ప్యాంటు జేబులో ఉంటే నర్సులు ఇప్పుడే తీసిచ్చారు. నువ్వు కంగారుపడి స్పీడుగా రామాక" అన్నారు. అంకుల్‌కి గుండె ఆపరేషన్ బాగానే జరిగిందని ముందురోజే విన్నాం. గుండె రెండో రోజు మొండికేసిందట.

టార్నీట్‌లో నగరం చివరి ఈ పేటలో, మా వీధివాళ్లందరికీ ఆయన డిష్ అంకుల్. ఒంగోలు మనిషి. ముప్పై ఏళ్లకు పైగా ఈ దేశంలో టెలికాం ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అంత చదువూ ఉద్యోగమూ పక్కకుపోయి ఆ పేరు రావడానికి కారణం మా ఇల్లే.

మేం కొత్తగా వచ్చినప్పుడు మా ఇళ్ల ఎస్టేట్‌లో ఇంకా ఇంటర్నెట్ లైను పడలేదు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి, తెలుగు ఛానల్ లేని ఇంట్లో బిక్కమొహం వేసుకుని కూర్చునేవారు. మావారు సాఫ్ట్‌వేర్ మనిషి. డిష్ ఒకటి తెచ్చి, గ్యారేజీ కప్పెక్కి బిగించారు. రెండు ఆదివారాలు తిప్పినా బొమ్మ రాలేదు. మూడో ఆదివారం కంచెకు అవతల నుంచి ఒక పెద్దాయన తల ఎత్తి చూశారు.

"ఏమయ్యా, ఎటు పెట్టావు దాన్ని?"

"దక్షిణానికి అంకుల్. హైదరాబాద్‌లో అన్నీ అటే ఉంటాయి కదా."

ఆయన కంచె పట్టుకుని పగలబడి నవ్వారు. "సాటిలైట్లన్నీ భూమధ్యరేఖ మీదుంటాయి. అక్కడ మనం దానికి పైన ఉండేవాళ్లం, ఇప్పుడు కిందికొచ్చి పడ్డాం. నువ్వు అంటార్కిటికా వైపు పెట్టావు. పెంగ్విన్‌లు సీరియల్స్ పంపవు నాయనా!"

మావారి మొహం మాడిపోయింది. అంకుల్ నిచ్చెన ఎక్కుతూ మెల్లగా, "నేనూ మొదట్లో మూడు వారాలు చూశాలే అంటార్కిటికా. ఇంజనీర్ని కూడాను" అన్నారు. పావుగంటలో బొమ్మ వచ్చింది. మా అత్తగారు ఆయనకు రెండు చేతులా నమస్కారం పెట్టారు. తర్వాత వీధిలో ఎవరి ఇంటిమీద చూసినా ఆయన చెయ్యే.

ఆయనకు కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, కారవాన్ ఒకటి ఉండేది. రిటైరయ్యాక దేశమంతా తిరగాలని కొన్నారు. ఆంటీ రానన్నారు. పదిరోజులు అడవిలో తెలుగు మాట వినపడకపోతే తనకు ఊపిరాడదన్నారు. ఆవిడకు ఇంగ్లిష్ కొట్టు వరకే సరిపోతుంది. అంకుల్ వాదించలేదు, కారవాన్‌లో రెండో రిసీవర్ పెట్టారు. మడిచి తీసుకెళ్లే మూడు కాళ్ల స్టాండు, దానికో డిష్, సిగ్నల్ దొరికితే కీచుమనే చిన్న మీటరు, అన్నీ ఒక పెట్టెలో సర్దారు. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి అమ్మాయ్. ఇంట్లో డిష్ కదలదు, అదెవరైనా పెడతారు. ఊరు మారినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చేదే అసలు పని" అనేవారు.

రెండు రిమోట్లూ ఒకేలా ఉండేవి. మొదటి ప్రయాణంలో ఇంటి రిమోట్ పట్టుకుని ఎంతో దూరంలోని మిల్డూరా దాకా వెళ్లారు. ఆంటీ నాలుగు రోజులు మాట్లాడలేదు. తిరిగొచ్చాక ఆవిడే కారవాన్ రిమోట్‌కు ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి అంటించారు. "దీనికి బొట్టు పెట్టా, ఇది ప్రయాణానికి" అన్నారు. అంకుల్ ఆ రిమోట్‌ను పెళ్లికూతురు అని పిలిచేవారు. వాళ్లు మాట్లాడుకునే తీరే అంత, సగం పోట్లాట, సగం పరాచికం.

రెండేళ్ల కిందట ఆయనకు గుండె జబ్బు బయటపడింది. నిచ్చెనలు ఎక్కొద్దు, బరువులు ఎత్తొద్దు అన్నారు డాక్టర్లు. ఆయన ఎక్కడం మానేశారు గానీ, ఒక కొత్త పట్టు పట్టారు. ఆంటీకి డిష్ పెట్టడం నేర్పాలి. ప్రతి ఆదివారం పొద్దున ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారవాన్ పక్కన కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చునేవారు. "నేను ముట్టుకోను. నువ్వే చెయ్యాలి."

మొదట్లో దిక్కును ఇంజనీరు భాషలో చెప్పారు. "అజిముత్ ముప్పై రెండు డిగ్రీలు."

"ముప్పై రెండంటే నాకు పళ్లే తెలుసండీ" అన్నారు ఆంటీ.

నేను కంచె ఇవతల బట్టలు ఆరేస్తూ నవ్వు ఆపుకోలేకపోయాను. అంకుల్ కాసేపు గడ్డం గోక్కుని, "మన దేవుడి గది ఎటుంది?" అని అడిగారు.

"ఈశాన్యంలో. అదేం ప్రశ్న?"

"ఆ మూలకే తిప్పు. అక్కడ నుంచి ఉత్తరం వైపు కొంచెం కొంచెం జరుపు."

తమ ఇల్లు కొనేటప్పుడు ఈశాన్యం కుదరలేదని ఆంటీ ఆరు ఇళ్లు వద్దన్నారట. ఆ ఆరు ఇళ్ల పేరు చెప్పి అంకుల్ ఆవిడను ఇరవై ఏళ్లు ఏడిపించారు. అలాంటి మనిషి చివరికి వాస్తు భాషలో పాఠం చెప్పారు. ఏ ఊళ్లో దింపినా ఎండ చూసి ఈశాన్యం చెప్పగలరు ఆంటీ. ఈ దేశంలో ఎక్కడికి వెళ్లినా మన ఛానళ్ల సాటిలైట్ ఇంచుమించు అటే ఉంటుంది. "మీ ఆంటీ దిక్సూచి, నేనే ఇన్నాళ్లూ గమనించలేదు" అన్నారు నాతో.

అయినా పని పూర్తయ్యేది కాదు. ఆంటీ స్టాండు నిలబెట్టేవారు, సమంగా ఉందో లేదో రసమట్టంలో చూసేవారు, ఈశాన్యం పట్టేవారు. మీటరు కీచుమనడం మొదలవగానే ఏదో ఒకటి అటూ ఇటూ కదిపి పోగొట్టేవారు. ప్రతి ఆదివారం అదే వరస. "నావల్ల కాదండీ" అని చేతులు దులుపుకుని లోపలికి వెళ్లిపోయేవారు. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "వస్తుందిలే, తొందరేముంది" అనేవారు.

తొందర ఉందని ఆయనకు తెలుసు. ఆపరేషన్‌కు వారం ముందు కంచె దగ్గర నిలబడి నాతో అన్నారు. "అమ్మాయ్, ఆమె అన్నం లేకపోతే అడుగుద్ది. టీవీ రాకపోతే మాత్రం ఎవర్నీ అడగదు, చిన్నతనం అనుకుంటుంది. మాటా పలుకూ లేకుండా అట్టా కూర్చుండిపోద్ది. నువ్వన్నా నేర్చుకో." నేర్చుకున్నాను. ఆయన చెప్పినవన్నీ ఫోన్‌లో రాసుకున్నాను. ఆయనకు కొంచెం నెమ్మదించినట్టు కనిపించింది, అంతకంటే ఎక్కువ కాదు.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన శనివారం, అస్థికలు కలపడానికి మర్రీ నదికి వెళ్లాం. కారవాన్‌లోనే వెళ్లాలని ఆంటీ పట్టుబట్టారు. మావారు బండి నడిపారు. క్యాన్‌బెర్రాలోని హారిసన్ నుంచి వాళ్లమ్మాయి వచ్చింది. నది దగ్గర ఆ అమ్మాయే కలశం ఒంచింది. తర్వాత ఎకూకా ఊరు దాటి, ఫోన్ సిగ్నల్ కూడా అందని ఒక ఖాళీ జాగాలో ఆ పూటకు బండి ఆపాం. అప్పటికి పొద్దు వాలుతోంది. ఎవరికీ మాటలు లేవు. అంకుల్ భయపడిన నిశ్శబ్దం ఇదే కదా అనిపించి, నేను పెట్టె తెచ్చి స్టాండు బయటికి తీశాను.

"అది అక్కడ పెట్టమ్మా. నువ్వు ముట్టుకోమాక" అన్నారు ఆంటీ.

"అమ్మా, లీవ్ ఇట్. రేపు చూద్దాం" అంది వాళ్లమ్మాయి.

ఆవిడ వినిపించుకోలేదు. యూకలిప్టస్ చెట్లు అడ్డం లేని చోటు వెతికి స్టాండు నిలబెట్టారు. రసమట్టంలో బుడగ మధ్యకు తెచ్చారు. తూర్పుకు సాగిన తన నీడ చూసుకుని, దానికి ఎడమగా తిరిగారు. డిష్ ఎత్తు సరిచేసి, రెండు వేళ్లతో మెల్లగా ఉత్తరం వైపు జరిపారు. మీటరు కీచుమంది. ఆవిడ చెయ్యి కదల్లేదు. మరలు ఒక్కొక్కటే బిగించారు. కారవాన్ లోపల నుంచి తెలుగు వార్తలు వినపడ్డాయి. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను నోరు తెరిచి చూస్తున్నాను. "ఎప్పుడొచ్చింది ఆంటీ మీకిది?"

"మొదటి ఆదివారమే వచ్చిందమ్మా."

"మరి..."

"నాకొచ్చేసిందని తెలిస్తే ఆయనకి దిగులు తీరిపోద్ది. దిగులు తీరితే ఇంక ఇక్కడెందుకుంటాడు మనిషి?" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. లోపల ఎవరో ఒకమ్మాయి వానల గురించి చదువుతోంది. ఆంటీ లోపలికి వెళ్లలేదు. బిగించిన మరను రెండు వేళ్లతో వదులు చేసి, డిష్‌ను వెంట్రుకవాసి పక్కకు నెట్టారు. లోపలి గొంతు తెగిపోయింది. చెయ్యి దాని అంచు మీదే ఉంచి, డిష్ వెనక నిలబడి ఈశాన్యం వైపు చూస్తూ ఉండిపోయారు.