మా వియ్యంకుడు అడిగే మాట

శనివారం, మల్లాపూర్. ఉన్నవాళ్లు: నేను, మా అబ్బాయి, వాడి మామగారు, మెషిన్లు అమ్మే సేటు, సేటు దగ్గరి మెకానిక్.

నాచారంలోని మా అబ్బాయి కార్పెంటర్ షాపుకు, చెక్క మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ రూటర్ కొనాలి. ఇంజనీరుగా రిటైరైన నేను వేసవంతా మెషిన్లు పోల్చి, పుణెలో తయారయ్యేది మేలని తేల్చాను. సేటు షాపులో అదీ, ఇక్కడే బిగించిన ఇంకో మెషినూ ఉన్నాయి. అబ్బాయి ఊఁ అనడమే మిగిలింది.

మా వియ్యంకుడికి మెషిన్ల గురించి ఏమీ తెలియదు. ఎవరు కనబడినా ఊరు అడగడం మాత్రం తెలుసు. నేను మోటారు గురించి సేటుతో మాట్లాడుతుంటే, ఆయన మెకానిక్ భుజం మీద చెయ్యేశాడు.

"మనది ఏ ఊరు తమ్మీ?"

"కీసర, కాకా. ఇప్పుడు లాలాపేటల ఉంటున్న."

"మెషిన్ ఆగితే వస్తవా?"

"ఒక్క ఫోన్ కొట్టు, బండేస్కొని వస్త. పుణె మెషిన్ నాకు రాదు గానీ, గిక్కడ బిగించినదైతే మొత్తం నేనే సూస్త."

"అల్లుడూ, గిదే తీస్కో."

"సరే మామా" అన్నాడు మా అబ్బాయి, నా వైపైనా చూడకుండా. నా మాటకు వాడెన్నడూ అంత తొందరగా సరే అనలేదు. ఉప్పల్‌లో ఇంటికి చేరేదాకా వాళ్లిద్దరూ కారులో ముందు కూర్చుని నవ్వుకుంటూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున, మా ఆవిడ కంటి ఆపరేషన్‌కు ఏ దవాఖానా మంచిదో వివరంగా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"అన్ననొకసారి అడుగున్రి" అంది.

వియ్యంకుడికి ఫోన్ నేనే చేశాను.

"చెప్పు బావా" అన్నాడు ఆయన, ఎంతో ప్రేమగా.