హెప్సిబా పచ్చిచారు

ఆదోనిలో కారం తగలని కూడు తినేవాళ్లు రెండే రకాలు. పళ్లు రాని బిడ్డలు, మంచం దిగలేని రోగులు. తక్కినవాళ్లకు పొద్దున్నే ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే, కళ్లలో నీళ్లు తిరగాల్సిందే. అట్లాంటి ఊళ్లో పుట్టిన హెప్సిబా ఒక్క మిరపకాయ వేయకుండా చారు చేయడం నేర్చుకుందంటే, అది బతుకుతెరువు చేసిన పని.

అనంతపురం పక్కన ఒక సేవాసంస్థ ఉంది. దాన్ని చూడడానికి స్పెయిన్ దేశం వాళ్లు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ల వంటింట్లో అంట్లు తోమడానికని చేరిన హెప్సిబా కొన్నాళ్లకు గరిటె పట్టింది. ఒక ఎండాకాలం పెపా అనే పెద్దావిడ వచ్చి, మాగిన టమోటాలు, కీరదోసకాయ, తెల్లగడ్డలు, నిన్నటి బ్రెడ్డు ముక్కలు మిక్సీలో వేసి తిప్పింది. వెనిగరు, ఆలివు నూనె, ఉప్పు కలిపింది. వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. పొయ్యి మాత్రం వెలిగించలేదు. మా దేశపు ఎండలకు మేం తాగేది ఇదేనని సైగలు చేసి, దాని పేరు గస్పాచో అన్నది. హెప్సిబాకు ఆ పేరు నోరు తిరగలేదు. పచ్చిచారు అని తానే పేరు పెట్టుకుంది. మొదట్లో రుచీ పచీ లేదని మూతి తిప్పినా, ఆ కాలం ముగిసేలోగా పెపా కంటే బాగా చేయడం పట్టేసింది.

ఆమె మొగుడు యేసేపు ఆదోని పత్తి మార్కెట్లో హమాలి. మేనమామ కొడుకే. హెప్సిబా నెలకొకసారి గుంతకల్లు మీదుగా రైల్లో ఇంటికొచ్చేది. వచ్చిన రోజు కూడా ఆమెను పొయ్యి ముట్టనిచ్చేవాడు కాదు. ఊరంతకీ వండి అలిసిపోయిందని హోటలు నుంచి పొట్లాలు కట్టించుకొచ్చేవాడు. మార్కెట్లో మాత్రం, "నా పెండ్లాం దొరలకు వండి పెడతాంది, తెలుసునా?" అని మీసం దువ్వేవాడు. ఎంత పిచ్చి మనిషో చూడండి. పెండ్లాం చేతి వంట గురించి లోకమంతా చాటినవాడు, దాన్ని తిన్నది పెండ్లయిన కొత్తలోనే.

అట్లా చాటిన గొంతులోనే క్యాన్సరు పుండు లేచింది. కర్నూలులో పెద్దాసుపత్రికి పోయి నెలకు పైగా కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకున్నారు. పత్తి బోరాలు మోసిన మనిషి వెదురుబద్దలా అయినాడు. మెత్తగా, చల్లగా, కారం లేకుండా ఏదో ఒకటి లోపలికి పోనియ్యండి, తినకపోతే మనిషి దక్కడు అని డాక్టర్లు చెప్పి పంపించినారు. హెప్సిబా పని మానుకొని ఇంటికి వచ్చేసింది. అప్పటికి ఎండలు ముదిరినాయి. ఆదోని కొండలు రాత్రికి కూడా చల్లారడం లేదు. సంగటి తెస్తే యేసేపు తల తిప్పుకుంటాడు, గంజి తెస్తే రెండు గుక్కలకే చేయి అడ్డం పెడతాడు. ఏం పెడితే దిగుతుందిరా దేవుడా అని కుమిలిపోతున్న హెప్సిబాకు ఒకరోజు పచ్చిచారు తట్టింది. మెత్తగా ఉంటుంది. చల్లగా ఉంటుంది. కారం అసలే లేదు.

పత్తికొండ నుంచి వచ్చిన టమోటాల్లో మచ్చలేనివి ఏరింది. ఆలివు నూనె ఎక్కడ దొరుకుతుంది, శనగనూనె పోసింది. తక్కినవన్నీ పెపా వేసినట్టే వేసి తిప్పి, వడగట్టి కుండలో పోసి, కుండకు తడి గోనెపట్ట చుట్టింది. పక్కింటి ఉచ్చీరమ్మ చూసి గుండె బాదుకుంది.

"పచ్చిది తాపుతావా వదినా? జన్ని జరం కమ్ముతాది. ఉడకబెట్టి ఇయ్యి."

"కారం ల్యాదు, మిరియం ల్యాదు. సంటిబిడ్డకైనా తాపచ్చు. ఏం మండుతాది దీంట్లో?" అన్నది హెప్సిబా.

యేసేపు గ్లాసు అందుకొని కొంచెం కొంచెంగా మొత్తం తాగేసినాడు. కళ్ల నిండా నీళ్లు. ఇన్నాళ్లకు ఒక గ్లాసు దిగిందని ఆమె కూడా ఏడ్చింది. ఆ పొద్దు నుంచి రోజూ అదే. గంజికి చేయి అడ్డం పెట్టే మనిషి, పచ్చిచారు గ్లాసుకు మాత్రం చేయి చాపేవాడు. తాగినంతసేపూ కళ్ల నీళ్లు కారేవి. నా మీద ప్రేమ అట్లా పొంగుతా ఉంది అనుకుంది వెర్రి తల్లి.

మే నెల వడగాలికి హెప్సిబా పెదవులు చిట్లి నెత్తురు కారినాయి. ఆ రోజు యేసేపు గ్లాసు అడుగున ఒక గుక్క మిగిలింది. పారబోయడం ఎందుకని నోట్లో పోసుకుంది. పెదవి మీద నిప్పు పెట్టినట్టయింది. టమోటా పులుపు, వెనిగరు పులుపు, పచ్చి తెల్లగడ్డ ఘాటు. చిన్న చీలికకే ఇంత మంటైతే, లోపలంతా పచ్చిపుండుగా ఉన్న గొంతుకు? గ్లాసు అక్కడే వదిలేసి యేసేపు మంచం దగ్గరికి ఉరికింది.

"మామా, మండుతాంటే సెప్పకూడదా? ఇన్నాళ్లూ నీ గొంతులో నిప్పులు పోస్తి గదా నేను!"

యేసేపు గొంతు పెగలక గాలి మాటలే వచ్చినాయి. "ఊరంతా నీ సేతి కూడు తినింది. నాకిప్పుడు గదా దొరికింది. మండితే మండనీలే."

హెప్సిబా అతని కాళ్లు పట్టుకొని ఇంటి కప్పు ఎగిరిపోయేట్టు ఏడ్చింది. మరుసటి రోజు నుంచి పచ్చిచారు లేదు. పలచని గంజి, చల్లార్చిన పాలు తెచ్చింది. ఆమె మనసు నొప్పించలేక అవీ గుటకేసినాడు. కానీ గ్లాసు సగమైంది, సగం గరిటెడైంది. తొలకరి పడకముందే యేసేపు పోయినాడు. పోసింది తప్పా, ఆపింది తప్పా అని హెప్సిబా అడగని మనిషి లేడు. ఎవరు ఏం చెప్పినా ఆమెకు అది జవాబు అనిపించలేదు.

బతకాలి గనుక మళ్లీ అనంతపురం పోయింది. ఎండాకాలం రాగానే స్పెయిన్ వాళ్లు వరసగా కూర్చొని, పచ్చిచారు కోసం గ్లాసులు చాపుతారు. ఇప్పుడు హెప్సిబా ఊరికే పోయదు. ఒక్కొక్కరి ముందు నిలబడి, "నోట్లో పుండ్లేమన్నా ఉండాయా?" అని తెలుగులోనే అడిగి, తన నోరు తెరిచి వేలితో చూపిస్తుంది. వాళ్లు అది ఈ సీమ మర్యాద కాబోలు అనుకొని, నవ్వుతూ చిన్నపిల్లల్లా నోళ్లు తెరుస్తారు. హెప్సిబా నవ్వదు. వంగి, ఒక్కొక్క నోరూ లోపలి దాకా చూసి, అప్పుడు పోస్తుంది.