కెమెరా కంట్లో కుంకుమ

చిటికెడు కుంకుమతో వీధి నిండా ఉన్న ఆడవాళ్లను మాయం చేసినదాన్ని నేను. మంత్రం వేయలేదు, కనికట్టు చేయలేదు. నిండు భక్తితో చేశాను, అందుకే అంత ఘనంగా చెడింది. ఆ ప్రళయం ఎలా వచ్చిందో, ఏ తల్లి దయవల్ల మా గడప దాటి పోయిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. నేను నవ్వడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది.

అవి యుద్ధం రోజులు. యుద్ధం సముద్రాల అవతల ఎక్కడో జరుగుతున్నా దెబ్బ మాత్రం లాల్‌దర్వాజాలో మా అన్నం కుండలకు తగిలింది. బియ్యమైనా జొన్నలైనా సర్కారు గల్లా దుకాణంలో, అంటే తిండిగింజల దుకాణంలో, కొలిచి ఇస్తేనే తినాలి. ఆ దుకాణదారు తలుపు అరచెయ్యి వెడల్పున తెరిచి, "గల్లా రాలే. రేపు రాండ్రి" అనేవాడు. ఆ రేపు మాత్రం వచ్చేది కాదు. ముందు తలుపుకు లేని గల్లా పెరటి తలుపుకు ఎలా వచ్చేదో గాని, అటునుంచి బస్తాలు బండెక్కి పోతుంటే మా కళ్లతో చూశాము. పెద్ద కచేరీకి అర్జీ పెట్టాము. కచేరీ వాళ్లు వచ్చి ఎవరిని విచారించారనుకున్నారు? ఆ దుకాణదారునే! "నా దుకాణం ముందర లొల్లి ఏమీ లేదు హుజూర్, ఆడోళ్లందరు ఖుషీగున్నరు" అని చెప్పి పంపాడు. దొంగకు తాళంచెవి ఇవ్వడం విన్నాము గాని, దొంగనే సాక్షిగా పిలవడం అప్పుడే చూశాము.

దాంతో ఆడవాళ్లమంతా ఖాళీ చాటలు పట్టుకుని ఆ దుకాణం దాకా జులూస్ తీయాలని నిశ్చయించుకున్నాము. ఈసారి అర్జీకి ఫోటో జతచేస్తే ఎవరూ కాదనలేరని ఉపాయం చెప్పినవాడు మా అన్న. అఫ్జల్‌గంజ్‌లో ఆయనకు చిన్న ఫోటో దుకాణం ఉండేది. కొత్త పెళ్లికొడుకులను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక గుడ్డమీద గీసిన పూలతోట తగిలించి ఫోటోలు తీసేవాడు.

"నువ్వే తియ్యాలె చెల్లె," అన్నాడు.

"నేనా! నాకు గా డబ్బాను ముట్టుకుంటేనే భయమైతది."

"మగోడు కెమెరా పట్టుకొని నిలవడితే ముందుగాల కెమెరా గుంజుకుంటరు, ఎన్కసీరి మనిషిని. ఆడామె బుట్టల పెట్టుకొస్తే ఎవనికి తెలుస్తది?"

"బడికి పోనిదాన్ని అన్నా."

"బటన్ నొక్కనీకి బడెందుకే?"

నిజమే. నాయన తన పూజ ముగించి, గంధం చేతులతో పలకమీద దిద్దించిన అక్షరాలే నా చదువంతా. అన్న ఆ డబ్బా కెమెరాను నా ఒడిలో పసిపిల్లను పెట్టినట్టు పెట్టి పాఠం చెప్పాడు. "రీలుల ఎనిమిదే ఉంటయి. పొట్టకు ఆనిచ్చి పట్టుకో. ఊపిరి బిగబట్టి నొక్కు. నొక్కినంక ఈ చెవి తిప్పు. ఇంకోటి, మరువకు. ఎన్క నుంచే తియ్యి. వీపులు చాలు, చాటలు చాలు. మనకు మంది కావాలె గని ముఖాలొద్దు."

ముఖాలెందుకు వద్దో మా పక్కింటి యాదమ్మను అడిగితే తెలుస్తుంది. ఆమె భర్త సర్కారు కచేరీలో చప్రాసీ. ఇంటిది జులూస్‌లో తిరిగిందని తెలిస్తే తెల్లారేసరికి నౌకరీ పోతుంది. నలుగురు పిల్లలు, ముసలి అత్త, అందరికీ ఆ ఒక్క నౌకరీయే దిక్కు.

"వదినె, నా ముఖం పడదు గద?" అని ఆమె ఆ వారంలో పదిసార్లు అడిగింది.

"నీ వీపు తప్ప ఏం పడదు యాదమ్మా. నా మీద ఒట్టు."

"నీ మీదెందుకు, నువ్వు సల్లగుండాలె. గా డబ్బా మీద వెయ్యి ఒట్టు."

డబ్బా మీద చెయ్యేసి ఒట్టు పెట్టాను. దానికి చెవి ఉందని అన్న చెప్పాడు కాబట్టి వినే ఉంటుంది.

ఇక అసలు సంగతి. పసుపు కుంకుమ పెట్టనిదే మా ఇంట్లో ఏ పనిముట్టుతోనూ కొత్త పని మొదలుపెట్టరు. తిరగలికి పెట్టాము, కుట్టుమిషనుకు పెట్టాము, నాయన కొత్త గొడుగుకు కూడా పెట్టాము. జులూస్ పొద్దున స్నానం చేసి, అమ్మవారికి దీపం వెలిగించి, కెమెరాను పీటమీద కూర్చోబెట్టాను. బొట్టు ఎక్కడ పెట్టాలి? తిప్పి తిప్పి చూశాను. నాలుగు వైపులా చీకటిలా నలుపు. ముందు వైపు మాత్రం నడిమధ్యన గుండ్రంగా, నున్నగా, తళతళలాడే చిన్న గాజు బిళ్ల. బొట్టు కోసమే చోటు వదిలిపెట్టినట్టుంది! "చోటు నువ్వే చూపించావా తల్లీ" అని మురిసిపోయి, నూనెవేలు అద్ది, పసుపు రాసి, మీద కుంకుమ పెట్టాను. నిండుగా పెట్టాను. భక్తిలో పిసినారితనం నాకు లేదు.

కెమెరా సంగతి తెలిసిన పాఠకులు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. కాస్త ఓపిక పట్టండి, తల పట్టుకోవలసిన ఘట్టాలు ఇంకా రెండున్నాయి.

జులూస్ కదిలింది. మొఘల్‌పురా నుంచి బుర్ఖాల ఆడవాళ్లు వచ్చి కలిశారు. ఖాళీ చాటలను వేళ్లతో కొడుతుంటే వడగళ్లు పడ్డట్టు చప్పుడు. నేను చెప్పిన మాట ప్రకారం అందరికన్నా వెనక బుట్టతో నడిచాను. ఎంతసేపని నడుస్తాను? వీపులు, కొప్పులు, మళ్లీ వీపులు! ముందునుంచి మాత్రం యాదమ్మ గొంతు ఖంగుమంది. ముఖం పడుతుందని వణికిన మనిషే అందరికన్నా ముందు నిలబడి, "ఓ దుకాణపాయనా! ముందలికి వస్తవా, మేమే పెరటి దిక్కు రావాల్నా?" అని గర్జిస్తోంది.

నేను ఒళ్లు మరిచిపోయాను. ఒట్టూ మరిచిపోయాను. చీరకుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని సందులోంచి ముందుకు పరుగెత్తి, వాళ్లకు ఎదురుగా తిరిగి నిలబడ్డాను. బుట్ట మీది గుడ్డ తొలగించి, కెమెరా తీసి పొట్టకు ఆనించాను. నొక్కాను, చెవి తిప్పాను, నొక్కాను, తిప్పాను. ఎనిమిదీ తీశాను. ఎనిమిదీ ముఖాలే.

ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు తాగాక గాని "వీపులు చాలు" అన్న మాట గుర్తుకు రాలేదు. ఆ పూట అన్నం సయించలేదు. సయించడానికి అన్నం కూడా లేదనుకోండి.

మర్నాడు పొద్దున్నే గుండె చేత్తో పట్టుకుని అన్న దుకాణానికి వెళ్లాను. అప్పటికే ఏడు ఫోటోలు తీగమీద ఆరుతున్నాయి. అన్న వాటివంక, నావంక మార్చి మార్చి చూశాడు.

"ఏంది చెల్లె ఇది? తడికట్టెల పొయ్యి ఫోటో తీసినవా?"

"జులూసే అన్నా."

"జులూసా? అంతా పొగనే గదనే!" కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. ముందు వైపు చూశాడు. గోటితో గీకాడు. గోరు వాసన చూశాడు. "ఇదేంది?"

"కుంకుమ. జరంత ఊడిపోయినట్టుంది, కొంగు రాసుకున్నదేమో."

"కంట్ల పెట్టినవా!"

"అది కన్నా? నేను నుదురనుకున్న."

అన్న పెళ్లికొడుకుల కుర్చీలో కూర్చుండిపోయాడు. వెనక పూలతోట, ముందు ఆ ముఖం. అంత దిగులు పెళ్లికొడుకు ఆ దుకాణంలో ఎన్నడూ కూర్చుని ఉండడు. కాసేపటికి లేచి ఫోటోలను మళ్లీ పరీక్షగా చూశాడు. "ఎత్తిన చాటలు కనవడుతున్నయి. మంది కనవడుతున్నరు. ముఖం మాత్రం ఒక్కటి గూడ లేదు. నిన్ను మెచ్చుకోవాల్నో మొత్తాల్నో సమజైతలేదు."

అప్పుడు నా తప్పు ఒప్పుకున్నాను, ముందుకు వెళ్లి తీశానని. కంటికి రెప్పలా కాపాడడం అందరికీ తెలుసు. కంటికి కుంకుమలా కాపాడడం మాత్రం ఆ తల్లికే తెలుసు. చేతులెత్తి దండం పెట్టాను. అన్న అదేమీ వినకుండా ఎనిమిదో ఫిల్ము ముక్కను వెలుతురుకు ఎత్తి చూసి, రంగు మారిన ముఖంతో అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడగబోతుండగా గుమ్మంలో బూట్ల చప్పుడైంది.

పోలీసు అమీన్ సాహెబ్. దుకాణదారు ఫిర్యాదు చేశాడట.

"నిన్నటి జులూస్ ఫోటోలు నీ దగ్గరున్నయని ఖబర్ వచ్చింది. నికాలో. ఎవరెవరు గలాట చేసిన్రో చూడాలె." తీగమీది ఫోటోల దగ్గరికి పోయి వంగి చూశాడు. "యే క్యా హై జీ? దెయ్యాల బారాతా?"

"మబ్బు పట్టింది సాబ్," అన్నాడు అన్న.

"నిన్న ఎండకు నా మాడు పగిలింది. మబ్బెక్కడిదయ్యా?" వేలితో లెక్కపెట్టాడు. "సాత్. రీలుకు ఎన్ని?"

"ఏడే సాబ్."

"ఎనిమిది గద అన్నా!" అన్నాను నేను.

అన్న నా కాలు తొక్కాడు.

"అన్నా, నా కాలు తొక్కుతున్నవ్."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అన్న అంత కష్టపడి అతికించినదాన్ని నేను ఒక్క మాటతో ఊడబెరికాను. అబద్ధం చెప్పకూడదని నేర్పిన నాయన, పక్కవాళ్లు చెబుతున్నప్పుడు నోరు మూసుకోవాలని నేర్పకుండానే పోయాడు.

"ఎనిమిదోది నా ముందరనే కడుగు," అన్నాడు అమీన్.

అన్న జేబులోంచి ఆ ఫిల్ము ముక్క తీయక తప్పలేదు. ముగ్గురం చీకటిగదిలోకి వెళ్లాము. ఎర్రదీపం కింద తొట్టిలో కాగితం మునిగింది. ముందు ఒక చాట అంచు తేలింది. తర్వాత ఒక ముక్కుపుల్ల. రోజూ నల్లా దగ్గర నేను చూసే ముక్కుపుల్లే! చూస్తుండగానే యాదమ్మ కళ్లు, చెంపలు, నుదుటిమీది పచ్చబొట్టుతో సహా తేటగా తేలిపోయాయి. ఊడిన కుంకుమ ఆ ఒక్క ఫోటోకే ఊడాలా? నలుగురు పిల్లలు నా కళ్లముందు వరుసగా నిలబడ్డారు. "తల్లీ, నా నోటికి కూడా ఇంత కుంకుమ పెట్టి ఉండరాదా" అని లోలోపల ఏడ్చాను.

"ఈమె ఎవరు?" అమీన్ వేలు యాదమ్మ మీద నిలిచింది. ఈసారి అన్న నా రెండు కాళ్లూ తొక్కాడు.

ఇంతలో కాగితం మీద ఆమె పక్కన ఇంకొకరు తేలసాగారు. ఒక ముసలమ్మ. బుర్ఖా ముసుగు నెత్తిమీదికి తోసేసి, ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నోరు తెరిచి అరుస్తూ, చాటను రెండు చేతులా దుకాణదారు నెత్తిన వేయబోతున్నట్టు ఎత్తింది. పడిపోకుండా యాదమ్మ ఆమె నడుం పట్టుకుని ఉంది.

అమీన్ వేలు అటు జరిగింది. అక్కడే ఆగిపోయింది. ఆయన మెల్లగా టోపీ తీశాడు.

"అమ్మీ..."

అమీన్ తొట్టి మీదికి ఇంకా వంగాడు.

"మోకాళ్ల నొప్పులు, మంచం దిగలేనన్నది నాతోని నిన్న!"

అన్న గొంతు సవరించుకున్నాడు. "సాబ్, నిన్న మబ్బు..."

"హా," అన్నాడు అమీన్ వెంటనే. "మస్తు మబ్బుండె. నేనే చూసిన." తడి ఫోటోను, ఫిల్ము ముక్కను రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ ఆగి నావైపు తిరిగి, "బెహెన్, గల్లా వస్తే మా ఇంటికి జర ఖబర్ పంపుండ్రి. మళ్ల చాట పట్టుకొని బయలెల్లితే ఆమెను ఆపుడు నాతోని గాదు" అన్నాడు.

ఏడు పొగఫోటోలు అర్జీతో పెద్ద కచేరీకి వెళ్లాయి. ఏ మనిషినీ గుర్తుపట్టలేకపోయారు గాని, అన్నేసి చాటలు లేవని మాత్రం అనలేకపోయారు. కొన్నాళ్లకు గల్లా వచ్చింది. సగం రాళ్లు. రాళ్లు ఏరుతూ కూడా దండం పెట్టుకున్నాను. ఏరడానికి పక్కన సగం గింజలున్నాయి కదా.

యాదమ్మకు అంతా చెప్పేశాను. దాచడం నాకు రాదని మీకు తెలిసిందే.

"ఒట్టు తప్పితివి వదినె!"

"తప్పిన యాదమ్మా."

"మా ఆయన నౌకరీ నిలవడ్డది. పో, మాఫ్ చేసిన. గని ఒక్కటి చెప్పు, ఫోటోల మంచిగున్ననా?"

"మస్తుగున్నవ్."

"ఆ అమీన్ దిక్కుకెల్లి ఒకటి అడిగి తేరాదూ?"

కాబట్టి ఇది చదివే పెద్దలందరి సాక్షిగా, తడిబట్టలతో, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువుకైనా బొట్టు పెట్టేముందు దాని నుదురెక్కడో, కన్నెక్కడో నలుగురిని అడిగి తెలుసుకుంటాను. బొట్టు పెట్టడమే మానేస్తానని మాత్రం అనలేను. ఏ కన్ను ఎప్పుడు మూయాలో ఆ తల్లికి తెలిసినంతగా నాకు తెలియదు.